కార్లలో పడుకున్న వీధి

మూడో అంతస్తు సాదెత్ రొట్టెల కొట్టు దగ్గర ఎవరితోనో అన్నదట. ఆ ఎవరో వెళ్లి దర్జీ ఐతెన్ చెవిలో వేశారట. ఐతెన్ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ వీధంతా చెప్పింది. సంగతేమిటంటే, ముజెయ్యెన్ కూతురు నిల్గున్, ఇస్తాంబుల్‌లో భూకంపాల మీద పరిశోధన చేసే పిల్ల, పండగా పబ్బమూ లేకుండా వారం మధ్యలో పెద్ద పెట్టె పట్టుకుని దిగింది. దిగిన మర్నాడే తల్లీకూతుళ్లు అద్దాల బీరువాలోని గాజు సామానంతా దించి, పాత పేపర్లలో చుట్టి మంచం కిందికి తోశారు. ఎందుకొచ్చిందమ్మా పిల్ల అంటే తల్లి మొహం పక్కకి తిప్పుకుని "సెలవు పెట్టింది" అని ఊరుకుంది. కాబట్టి ఆ పిల్లకేదో తెలిసింది. తెలిసినా చెప్పకూడదని పైవాళ్లు నోరు కట్టేశారు. ఇదీ కబురు.

ఆ కబురు నిల్గున్ దాకా వచ్చేసరికి, ఇళ్లు మీద కూలతాయని వీధిలో సగం మంది కార్లలో పడుకుంటున్నారు.

అసలు సంగతి దీనికంటే చాలా చిన్నది. గాజు సామాను దించింది గోడకి రంగు వేయించడానికి. కిందటి చలికాలం చెమ్మ దిగి బీరువా వెనక గోడంతా బూజు పట్టింది. ఇక పిల్ల ఇంటికొచ్చింది ఉద్యోగం పోయి. ప్రాజెక్టుకి డబ్బు ఆగిపోయింది, మళ్లీ వస్తే పిలుస్తామన్నారు, గది తాళంచెవి తీసుకున్నారు. అంతే. ఆ మాట బయటపడితే వీధిలో తలెత్తుకోలేనని ముజెయ్యెన్ బాధ. మా అమ్మాయి శాస్త్రవేత్త అని సంతలో వంకాయలమ్మే వాడిక్కూడా చెప్పుకున్న మనిషి. అందుకని సెలవు.

రొట్టె కొనుక్కుని నిల్గున్ ఇంటి ముందుకి వచ్చేసరికి సముద్రం మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. మర్మరా తీరంలోని ఈ బందిర్మాలో ఆ గాలి లేని రోజుంటే జనం ఒకరినొకరు ఏమైందని అడుగుతారు. సాదెత్ కారు పక్కన నిలబడి దుప్పటి దులుపుతోంది. కారులో ఆవిడ మొగుడు నోరు తెరుచుకుని ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

"లేచావా తల్లీ. నిద్ర పట్టిందా?"

"పట్టింది పిన్నీ."

"ఇంట్లోనే?"

"ఇంట్లోనే. ఇంకెక్కడ పడుకుంటాను?"

"నువ్వు కుర్రదానివి. కదలగానే మెట్లు దూకేస్తావు. మా మోకాళ్లు అట్టా లేవు గదా." సాదెత్ దుప్పటి మడత పెడుతూ గొంతు తగ్గించింది. "నిన్నేమీ అడగంలే. నీ ఇబ్బంది మాకు తెలుసు."

"నాకే ఇబ్బందీ లేదు పిన్నీ. భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు."

"అవునవును," అని సాదెత్ కన్ను గీటింది. "అట్టాగే చెప్పాలి. పైవాళ్లు అట్టాగే చెప్పమంటారు."

నిల్గున్ రొట్టె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. రాదు అంటే దాస్తున్నట్టు. తెలియదు అంటే తెలిసినట్టు. మాట్లాడకపోతే మరీ తెలిసినట్టు. పరికరం ఒకటి తప్పు చూపిస్తుంటే పక్కన ఇంకో పరికరం పెట్టి పోల్చి చూస్తారు. మనిషిని దేని పక్కన పెట్టి చూడాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేల కింద రాయి పటుక్కుమన్న చప్పుడుని వంద కిలోమీటర్ల దూరం నుంచి పట్టుకునే పిల్ల, పక్కింటి పిన్ని కన్ను గీటితే ఏం చెయ్యాలో తెలియక ఇంటికొచ్చింది.

ఇంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేది. కానీ వాళ్ల అపార్టుమెంటు కింద అంతస్తులో జావిత్ మిఠాయి కొట్టు ఉంది. కొట్టు మధ్యలో మేడంతటినీ మోసే పిల్లరొకటుంది. ఆ పిల్లరుకి నిలువెత్తు అద్దం బిగించాడు. వీధిలో పెళ్లికెళ్లే ఆడపిల్లలు మిఠాయిలు కొంటూ అందులో జుట్టు సర్దుకుంటారు. అద్దం వెనక పిల్లరు పూర్తిగా లేదు. చల్లటి మిఠాయిలు పెట్టే అద్దాల బల్ల పెద్దది తెచ్చినప్పుడు పట్టలేదని, జావిత్ ఓ మేస్త్రీని పిలిచి పిల్లరుని ఒక పక్కన చెక్కించాడు. అదేం రహస్యం కాదు. కొట్టు తెరిచిన రోజు అందరూ వెళ్లి తలా పళ్లెం మిఠాయి తిన్నారు, ఎంత విశాలంగా ఉందో అన్నారు. నిల్గున్ కూడా తిన్నది. అప్పుడు బడిలో ఉంది.

చదువుకున్నాక ఆ తీపి గొంతులో అడ్డం పడింది. రెండేళ్లుగా ఇంటికొచ్చినప్పుడల్లా చెప్పింది, కాంక్రీటు తొలిచి ముక్క తీయించి పరీక్ష చేయిద్దాం అని. చట్టానికి ఒక్క యజమాని అడిగినా చాలు. కానీ పరీక్షలో తప్పిందంటే ఇంటికి సీలు వేస్తారు, జనాన్ని ఖాళీ చేయిస్తారు. బయట అద్దెలు చూస్తే నిప్పు. ఇంటిని సీలు వేయించిన మనిషిగా ఈ వీధిలో బతకలేను, అందరూ ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను అంది ముజెయ్యెన్. ప్రతి ఇంట్లోనూ ఇదే జవాబు. అందరూ అందరి కోసం ఎదురుచూశారు.

అపార్టుమెంటు పెద్ద రిఫ్కీ, ఒకప్పుడు ఓడల కంపెనీలో టిక్కెట్లు కొట్టిన మనిషి, మెట్ల మీద ఆమెని ఆపాడు. మెడ ఒక పక్కకి పట్టేసి ఉంది. చిన్న కారులో రాత్రంతా పెళ్లాం గురక వింటూ కూర్చున్న మెడ.

"అమ్మాయ్, నీ కోరిక తీరుతోంది. శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో మీటింగు. పరీక్షకి అందరూ చేయెత్తుతామన్నారు. జావిత్ కూడా సరేనన్నాడు."

"నిజంగానా బాబాయ్?"

"నిజంగానే. నువ్వు చెయ్యాల్సింది ఒకటే. మాట్లాడొద్దు."

"అంటే?"

"రెండేళ్లు నువ్వు మొత్తుకుంటే ఒక్కడూ వినలేదు. ఇప్పుడు నోరు మూసుకున్నావు, అందరూ వింటున్నారు. ఇట్టాగే ఉండు. మొహం కూడా ఇట్టాగే పెట్టు. నవ్వావంటే మొత్తం పోతుంది."

"బాబాయ్, నాకు నిజంగా ఏమీ తెలియదు."

"నాకు చెప్పావు, నేను నమ్మాను," అన్నాడు రిఫ్కీ. రెండు మెట్లు ఎక్కి వెనక్కి తిరగబోయాడు, మెడ రాక ఒళ్లంతా తిప్పి అడిగాడు. "అయినా శుక్రవారం లోపల రాదు గదా?"

గురువారం సాయంత్రం టీవీలో నలుగురు ప్రొఫెసర్లు కూర్చుని కొట్టుకున్నారు. మర్మరా సముద్రం పటం మీద నేల కింది పగులు చూపే ఎర్రగీత ఉంది. ఒకాయన గీత తూర్పు వైపు తెగుతుందన్నాడు. ఇంకొకాయన ఆ ముక్కలో బలం ఎప్పుడో అయిపోయిందన్నాడు. మూడో ఆయన మిగిలిన ఇద్దరూ చదువుకోలేదన్నాడు.

"వీళ్లలో మీ మాస్టారెవరే?" అని తల్లి టీ పోస్తూ అడిగింది.

"ఆ నాలుగో ఆయన. ఎవరూ మాట్లాడనివ్వడం లేదే, ఆయన."

"పాపం, గట్టిగా అరవాల్సింది."

తరువాత ఆలివ్ నూనె ధర చెప్పారు. తరువాత సరిహద్దు అవతల యుద్ధం చెప్పారు. తరువాత ఫుట్‌బాల్. అన్నిటికీ ఒకే గొంతు, ఒకే సంగీతం. దేనికి భయపడాలో దేనికి నవ్వాలో జనానికి తెలియకపోవడంలో వింతేముంది అనుకుంది నిల్గున్. తనకి మాత్రం తెలుసా? తనతో చదివిన వాళ్లు కొందరు జర్మనీలో ఉన్నారు, కొందరు వీసా వరసలో ఉన్నారు. ఒకడు పరిశోధన మానేసి బీమా కంపెనీలో చేరాడు, వాడొక్కడే ఇల్లు కొన్నాడు. తను ఏళ్ల తరబడి రాసిన కాగితాల్లో ప్రతి వాక్యం పక్కనా ఎంత తప్పు ఉండొచ్చో అది కూడా రాసింది. ఇంత అవకాశం ఉంది, ఇంత లేదు, ఇంత తెలియదు. ఆ కాగితాలు చదివినవాళ్లు ఈ వీధిలో ఎవరూ లేరు. ఇక్కడ ఆమె ఒక్క మాటా రాయలేదు, అబద్ధం ఆడలేదు, అయినా జనం కదిలారు.

"అమ్మా, రేపు మీటింగులో చెప్పేయనా?"

ముజెయ్యెన్ టీవీ గొంతు తగ్గించింది. "ఏమని?"

"ఉద్యోగం పోయిందని. నాకేమీ తెలియదని."

"నువ్వు అబద్ధం చెప్పావా? లేదు. వాళ్లకై వాళ్లు అనుకున్నారు. ఆ పిల్లరు పరీక్ష జరగాలని ఏడ్చింది ఎవరు? నువ్వే గదా. జరగనీ."

"దొంగ భయంతోనా?"

"నిజం భయంతో జరగలేదుగా. రెండేళ్లు చూశాం." తల్లి గ్లాసులో చక్కెర కలిపి చెంచా పక్కన పెట్టింది. "ఇంకోటి. నీ ఉద్యోగం సంగతి అందరి ముందూ చెప్తే, రేపటి నుంచి నన్ను చూసి జాలిపడతారు. సాదెత్ జాలి నేను భరించలేను. దాని ఎగతాళైనా భరిస్తాను."

నిల్గున్ టీ గ్లాసు దగ్గరికి లాక్కుంది. లెక్క వేసి చూస్తే తల్లి మాటే సరిగ్గా ఉంది. పది రోజులు జనం మెడలు పట్టేస్తాయి, పరీక్ష జరుగుతుంది, నిజంగా భూకంపం వచ్చిన రోజున అందరూ బతుకుతారు. ఒక పక్క చిన్న తప్పు, ఇంకో పక్క పెద్ద మేలు. అయినా లోపల ఏదో కుదురుగా లేదు. ఇవాళ దొంగ భయానికి చేయెత్తినవాళ్లు, రేపు ఇంకెవడో దొంగ ధైర్యం చెప్తే చెయ్యి దించరా? అదీ కాకపోవచ్చు. ఊరికే తన మొహం తనకి నచ్చడం లేదేమో. ఏది సైన్సో, ఏది చాదస్తమో ఆమెకి విడిగా కనపడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తల్లి గిన్నెలో పెరుగూ పిండీ కలిపి కాచిన సూపు పోసిచ్చి, కింద జెలిహాకి ఇచ్చి రమ్మంది. జెలిహా రెండో అంతస్తులో అద్దెకుండే పిల్ల. మొగుడు సరుకు ఓడ మీద పని, నెలల తరబడి రాడు. ఏడాది కూడా నిండని పాపని ఒళ్లో పెట్టుకుని మరిది కారులో వెనక సీట్లో ఉంటోంది. మిగిలినవాళ్లు రాత్రి పడుకోవడానికే కార్లలోకి దిగుతారు. జెలిహా పగలు కూడా పైకి పోవడం లేదు. అద్దాలకి లోపల ఆవిరి పట్టి ఉంది.

నిల్గున్ ముందు సీట్లో కూర్చుని గిన్నె అందించింది. పాప దగ్గింది. పొడిగా, పెద్దవాళ్లు దగ్గినట్టు. తగ్గిందనుకుంటే మళ్లీ దగ్గింది.

"ఎప్పటి నుంచి ఈ దగ్గు?"

"నిన్నటి నుంచి అక్కా. గాలి సందుల్లోంచి వస్తోంది. గుడ్డలు కుక్కాను."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావా?"

"తీసుకెళ్లా. మందిచ్చాడు, వెచ్చగా పడుకోబెట్టమన్నాడు." జెలిహా నవ్వింది. "వెచ్చగా ఎక్కడ పడుకోబెట్టను? ఇల్లయితే వెచ్చగానే ఉంటుంది, పైకి పోవాలంటే భయం. పైన మేం ఉండలేదా అంటావేమో, మీకు తెలుసు గనక ఉన్నారు. టైముకి దిగుతారు."

"జెలిహా, నాకు..."

"చెప్పొద్దక్కా. నువ్వు ఊరి నుంచి రావడమే మాకు చెప్పడం. నీ మేలు మర్చిపోను."

సూపు గిన్నె ఖాళీ అయ్యేదాకా నిల్గున్ అక్కడే కూర్చుంది. పాప మూడోసారి దగ్గినప్పుడు ఆమె లెక్కంతా తప్పిపోయింది. పది రోజుల మెడ నొప్పి అని వేసింది గానీ, ఈ దగ్గుని అందులో వెయ్యలేదు.

సాయంత్రం రిఫ్కీ గుమ్మం ముందు చెప్పులూ బూట్లూ గుట్టగా పడ్డాయి. లోపల యజమానులంతా ఉన్నారు. సోఫాలు చాలక వంటింటి కుర్చీలు తెచ్చారు. రిఫ్కీ భార్య ఉప్పు బిస్కెట్లు పెట్టింది. జావిత్ మిఠాయి పళ్లెం తెచ్చాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముజెయ్యెన్ కిటికీ పక్కన, కూతురు వైపు చూడకుండా. అద్దెకున్నవాళ్లని పిలవలేదు. ఇంటి మాట ఇంటివాళ్లది.

"సరే," అన్నాడు రిఫ్కీ. "సంగతి అందరికీ తెలుసు. పేరు పెట్టి చెప్పక్కర్లేదు. పరీక్షకి ఒప్పుకునే వాళ్లు..."

"ఒక్క నిమిషం బాబాయ్," అంది నిల్గున్.

రిఫ్కీ మెడ పట్టుకున్నాడు.

"నేను సెలవు మీద రాలేదు. నా ఉద్యోగం పోయింది. ప్రాజెక్టుకి డబ్బు ఆపేశారు. అందుకని వచ్చాను. నాకెవరూ ఏమీ చెప్పలేదు, నేనేమీ దాచలేదు. గాజు సామాను దించింది గోడకి రంగు వెయ్యడానికి. నా వల్ల మీరు చలిలో పడుకోవద్దు."

సాదెత్ లేచి వచ్చి ఆమెని గుండెకి హత్తుకుంది.

"అయ్యో తల్లీ. ఇంతేనా? ఈ మాట మొదటి రోజే అనొచ్చు గదా. ముజెయ్యెన్, నువ్వైనా అనొద్దా? మేం పరాయివాళ్లమా?"

ముజెయ్యెన్ టీ గ్లాసులోకి చూస్తూ ఉంది.

"అయితే రాదన్నమాట," అన్నాడు సాదెత్ మొగుడు.

"రాదనలేదు బాబాయ్. తెలియదన్నాను."

"తెలియకపోతే రానట్టేగా."

"కాదు. ఇవాళ రావచ్చు, ఇరవై ఏళ్లకి రావచ్చు. వస్తుందనేది ఖాయం. ఎప్పుడనేది తెలియదు."

"అయితే వస్తుందంటావు."

"ఇవాళ వస్తుందని అనడం లేదు."

"ఏందమ్మాయ్ ఇది? అటూ కాదంటావు, ఇటూ కాదంటావు. మా మేనల్లుడు వానొస్తుందో లేదో సెల్‌లో చూసి చెప్తాడు, వాడు ఎనిమిదో తరగతి కూడా తప్పాడు."

అందరూ నవ్వారు. వారం రోజులుగా బిగబట్టిన నవ్వు, ఆగలేదు. రిఫ్కీ భార్య నిమ్మ అత్తరు సీసా తెచ్చి అందరి అరచేతుల్లో పోసింది, గదంతా పెళ్లిలా వాసన వేసింది. జావిత్ పళ్లెం మీద కాగితం తీసి ముందు నిల్గున్‌కే పెట్టాడు. రేవు ఆఫీసులో మా బావ ఉన్నాడు, మాట్లాడతాను అన్నారొకరు. ఉద్యోగం ఎందుకు, పెళ్లి చెయ్యి ముందు అన్నారొకరు. ఇంతమంది ఇంత ప్రేమగా ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ ప్రేమ మధ్యలో ఊపిరాడక నిల్గున్ గట్టిగా అంది.

"పిల్లరు సంగతి చూడండి. నేను చెప్పేది అదొక్కటే. ఎప్పుడొస్తుందో తెలియదు గనకనే పరీక్ష కావాలి. తెలిస్తే ఆ రోజుకి బయటికి పోయేవాళ్లం, ఇంక పిల్లరెందుకు?"

"చూద్దాం, చూద్దాం," అన్నాడు రిఫ్కీ. మెడ కొంచెం కదులుతోంది ఇప్పుడు. "చలికాలం నెత్తిన పెట్టుకుని ఇప్పుడెందుకు? వసంతం రానీ. సరే, పద్ధతి ప్రకారం అడగాలి గనక అడుగుతున్నా. పరీక్షకి ఒప్పుకునే వాళ్లు చేయెత్తండి."

చేతులన్నిటిలోనూ మిఠాయి ఉంది. ఒకరినొకరు చూసుకున్నారు. నిల్గున్ తల్లి వైపు చూసింది. ముజెయ్యెన్ రెండు చేతులతోనూ టీ గ్లాసు పట్టుకుని ఉంది, చలికి పట్టుకున్నట్టు.

"అయితే వసంతంలో," అన్నాడు రిఫ్కీ.

బయట మెట్ల మీద అందరూ గోడలకి ఆనుకుని బూట్లు వెతుక్కుంటున్నారు. ఇవాళ నడుం వాల్చి పడుకోవచ్చు అంటున్నాడు సాదెత్ మొగుడు. నా బూటొకటి కనపడటం లేదు అని ఎవరో అన్నారు. ఆ సందడిలో కింది నుంచి దగ్గు వినిపించింది. జెలిహా పాపని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని, కారు లోంచి లేచి వచ్చి మెట్ల మలుపులో నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉండింది గనక లోపలి మాటలన్నీ విన్నట్టుంది.

"వచ్చావా, మంచి పని చేశావు," అంది సాదెత్. "పైకి పోయి పొయ్యి వెలిగించుకో. ఏం లేదంట. పిల్ల ఉద్యోగం పోయిందంట, అంతే."

జెలిహా కదల్లేదు.

నిల్గున్ ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని రెండు మెట్లు దిగింది. ఇంత చేసింది ఈ దగ్గు కోసమే. పరీక్ష పోయింది, తల్లి పరువు పోయింది, కనీసం ఇదైనా మిగలాలి.

"ఇంట్లోకి పద జెలిహా. బిడ్డకి చలి మంచిది కాదు. అందరూ ఇళ్లకి పోతున్నారు గదా."

జెలిహా దుప్పటి అంచు పాప చెవి మీదికి లాగింది. నిల్గున్‌ని దాటి పైమెట్టు మీద ముజెయ్యెన్‌ని, రిఫ్కీని, పళ్లెం పట్టుకున్న జావిత్‌ని చూసింది.

"వాళ్లు నువ్వు రాదన్నావనుకుని పోతున్నారక్కా. నువ్వు తెలియదన్నావు, నేను విన్నా. ఆ పిల్లరు మీద నా బిడ్డని పడుకోబెట్టను."